వారధి మీద రెక్కల పురుగు

అక్క పాత బియ్యం కావాలందని 25 కిలోల బీపీటీ మూటతో విజయవాడ నుంచి గుంటూరు బయల్దేరాను. బస్టాండుకి ఆటో 150. మనిషికి వంద, మూటకి యాభై అట! బస్సులో మూటకి మళ్లీ లగేజీ టికెట్టు. చేతి చమురు వదిలింది.

వారధి మీద బస్సు ఆగిపోయింది. ముందు ఏదో లారీ మొరాయించిందట. కింద కృష్ణ, లోపల ఉక్క. అప్పుడే మూట కుట్టు సందులోంచి గోధుమ రంగు పురుగొకటి పాక్కుంటూ వచ్చి నా కుచ్చిళ్లెక్కింది. సెంటీమీటరుకి కాస్త పైన ఉంటుంది. రెక్కలు పాక కప్పులా రెండు పక్కలా వాల్చుకుంది. చుక్కా లేదు, చారా లేదు. సిగ్గేసి దులపబోయాను.

"ఆగమ్మా" అంటూ పక్క సీటు పెద్దాయన కళ్లజోడు సర్దుకుని వంగాడు. "ఆడది. మూతి ముందు ముక్కులా పొడుచుకొచ్చింది చూడు. మగదానికి అంత ఉండదు."

బియ్యంలో పట్టే ఈ రెక్కల పురుగుని రైస్ మాత్ అంటారట. ఏళ్ల తరబడి ల్యాబులో వీటినే పెంచాడట, అదీ జీతానికి! రెక్కలొచ్చాక ఇది మెతుకు ముట్టదట. బియ్యం తినేదంతా పిల్లపురుగే. నూకల్ని దారాలతో ఉండకట్టి అందులో దాక్కుంటుంది. మా నాయనమ్మ వేపాకు వేసి, ఎండలో పోసి, చేటలో చెరిగి ఏరేసిన ఉండలివేనన్నమాట.

"ఇళ్లల్లో చంపుతారు, మేం జొన్న నూక పోసి మేపేవాళ్లం" అన్నాడు. దీని గుడ్లని అట్టకి జిగురుతో అంటించి, పిల్ల బయటికి రాకుండా అల్ట్రావయొలెట్ లైటు చూపిస్తారు. వాటిలో ట్రైకోగ్రామా అనే కంటికానని కందిరీగ గుడ్లు పెడుతుంది. నాలుగు రోజులకి అట్ట మీది గుడ్లు నల్లబడతాయి. ఆ ట్రైకో కార్డులనే వరిలో, చెరుకులో ఆకుల అడుగున కడతారు. కందిరీగలు బయటికొచ్చి కాండం తొలిచే పురుగు గుడ్లని వెతుక్కుని వాటిలో తమ గుడ్లు పెడతాయి, ఇక ఆ పురుగు పుట్టదు.

"రెక్కల పొడి ముక్కులోకి పోయి ఒకటే దగ్గు. మాస్కు లేందే లోపలికి పోయేవాళ్లం కాదు" అంటూ ఇప్పుడు కూడా ఒకసారి దగ్గాడు.

తాడేపల్లి, మంగళగిరి ఎప్పుడు దాటాయో తెలీదు. పెదకాకానిలో ఆయన దిగిపోయాడు. పేరడగడం మర్చిపోయాను.

గుంటూరులో రెండ్రోజులూ ఎండే. చెప్పుకోడానికేం లేదు. అక్క మూట విప్పగానే నాలుగు పురుగులు ఒక్కసారి లేచాయి. "పురుగు బియ్యం మోసుకొచ్చావా!" అని చీపురు తీసింది. నేను గోడ మీద వాలినదాని దగ్గరికెళ్లి మూతి చూశాను. ముక్కు లేదు. మగది.