తూటాల దగ్గరే తేలింది

డాలస్‌లో ఈ వీకెండ్ అంతా షూటింగ్ రేంజ్‌లోనే. పాయింట్ టూటూ (0.22 అంగుళాల సన్న తూటాల) రైఫిల్ కొంటానంటే, ఒకటి పేలగానే తర్వాతి తూటా దానంతటదే ఎక్కే సెమీ ఆటోమేటిక్ తీసుకో, సరదాగా ఉంటుందన్నారు ఫ్రెండ్స్. నాకు టపటపా కాల్చడం కంటే పడిన చిల్లులోనే ఇంకోటి పడితే ఆ కిక్కే వేరు. అందుకే ప్రతిసారీ చేత్తో బోల్ట్ లాగి తూటా ఎక్కించే బోల్ట్ యాక్షన్ రైఫిల్, సీజెడ్ 457 తీసుకున్నా.

అసలు కథ తూటాలది. 50 గజాల దూరం, రైఫిల్ ఇసుక సంచి మీద, ఒక్కో రకానికి ఐదేసి. చవకరకం హై వెలాసిటీ తూటాలు టార్గెట్ అట్టంతా చెల్లాచెదురు. సెకనుకు సుమారు 1,070 అడుగుల వేగంతో, అంటే ధ్వని కంటే నెమ్మదిగా వెళ్ళే 40 గ్రెయిన్ల (తూటా బరువు కొలత) రకం వేస్తే అన్నీ రూపాయి బిళ్ళంత చోటులో సర్దుకున్నాయి. అన్నట్టు, బ్రాండ్ మార్చాక మొదట పేల్చే కొన్నిటిని లెక్కలోకి తీసుకోకూడదు. బ్యారెల్‌లో పాత తూటాలకు పూసిన మైనం ఇంకా ఉంటుంది.

50 మీటర్ల ఒలింపిక్ టార్గెట్‌లో పది పాయింట్ల వలయం వెడల్పు 10.4 మిల్లీమీటర్లే. ఆ స్థాయి షూటర్లు బ్రాండ్ ఒక్కటే చూడరు, లాట్ నంబర్ (ఫ్యాక్టరీలో ఒకే విడతలో తయారైన తూటాల గుర్తు) వారీగా కూడా పరీక్షించి కొంటారు. ఇదివరకు చాదస్తం అనుకునేవాణ్ణి. నిన్న నేనే షాపుకు ఫోన్ చేసి, నాకు బాగా కుదిరిన ఆ తూటాల లాట్ పెట్టెలు ఎన్నుంటే అన్నీ పక్కన పెట్టమన్నాను.