ఆగని పెడళ్లకు తగ్గ ఫ్రేమ్ కోసం నా వెతుకులాట

ఫిక్స్‌డ్ గేర్ సైకిల్లో ఫ్రీవీల్ ఉండదు. వెనక చక్రం తిరుగుతున్నంతసేపూ పెడళ్లు తిరుగుతూనే ఉంటాయి, కాళ్లు ఆపుదామన్నా బండి ఆపనివ్వదు. ఊళ్లో తిరగడానికి ఇంత సరదా అయిన సైకిల్ ఇంకోటి లేదని నా గట్టి నమ్మకం. చిక్కల్లా దాన్ని బ్రెవేలకి తీసుకెళ్లాలని బుద్ధి పుట్టడంతో వచ్చింది. బ్రెవే అంటే పందెం కాదు, గడువులోపల దూరం పూర్తి చేయడం: 200 కిలోమీటర్లకి 13.5 గంటలు, 300కి 20, 400కి 27. హైదరాబాద్ నుంచి చేసిన 200 పళ్లబిగువున గట్టెక్కింది. 300లో విజయవాడ రోడ్డు మీద సూర్యాపేట దాటి వెనక్కి తిరిగాక అరచేతులు తిమ్మిరెక్కాయి, మెడ పట్టేసింది, సీటు మీద కూర్చోవడమే నరకమైంది. విచిత్రమేమిటంటే కాళ్లు మాత్రం నిక్షేపంగా ఉన్నాయి. అంటే తేడా ఒంట్లో లేదు, బండిలో ఉంది.

ఆ బండిది ట్రాక్ ఫ్రేమ్. వెలోడ్రోమ్ (సైకిల్ పందేల నున్నని ట్రాక్) కోసం పుట్టిన కొలతలు: నిటారుగా ఉండే హెడ్ ట్యూబ్ (హ్యాండిల్ కింద ఉండే ముందు గొట్టం), పొట్టి వీల్‌బేస్ (రెండు చక్రాల ఇరుసుల మధ్య దూరం), బాగా కిందికి ఉండే హ్యాండిల్, 25 మిల్లీమీటర్ల టైరు పెడితే ఇంకేమీ దూరని సందు. వెలోడ్రోమ్‌లో గుంతలుండవు, స్పీడ్ బ్రేకర్లుండవు, వాన పడదు, గేదెలు అడ్డం రావు. మన హైవేలో ఇవన్నీ ఉంటాయి, పైగా ప్రతి ఊరి ముందూ వరసగా తెల్ల పట్టీల రంబుల్ స్ట్రిప్పులు.

మామూలు గేర్ల సైకిలైతే ఆ పట్టీలు రాగానే పెడళ్లు రెండూ సమానంగా ఆపి, సీటు మీంచి కాస్త లేచి, మోకాళ్ల మీద దెబ్బ కాచుకోవచ్చు. ఫిక్స్‌డ్‌లో లేవొచ్చు గానీ కాళ్లు తిరుగుతూనే ఉండాలి. అలసిపోయిన ఎనిమిదో గంటలో ఎవరూ లేవరు, కూర్చునే తింటారు దెబ్బ. ఇంకో సంగతి, గేర్ల సైకిల్ వాడు తెలియకుండానే ప్రతి కొద్ది నిమిషాలకీ కాళ్లు ఆపి నడుం నిఠారు చేసుకుంటాడు. మనకి ఆ భాగ్యం లేదు. అందుకే మిగతావాళ్లకి 'కొంచెం ఇబ్బంది' అనిపించే ఫ్రేమ్ మనకి శిక్ష అవుతుంది.

ఫ్రేమ్ మార్చాలని తేల్చుకున్నాక అందరూ చెప్పిన మొదటి మాట "స్టీల్ తీసుకో, మెత్తగా పోతుంది" అని. నాకు నమ్మబుద్ధి కాలేదు. ఇద్దరు స్నేహితుల బళ్లు అడిగి తీసుకుని ఒకే రోడ్డు మీద తొక్కి చూశాను. ఒకటి మంచి స్టీల్ ఫ్రేమే, కానీ 25 టైర్లలో 110 పీఎస్ఐ గాలి. రెండోది అల్యూమినియం, 32 టైర్లలో 60 పీఎస్ఐ. అల్యూమినియందే మెత్తగా పోయింది, అదీ కొద్దిపాటి తేడాతో కాదు. ఒళ్లు హూనం కాకుండా కాపాడేది టైరులోని గాలే, ఫ్రేమ్ చేయాల్సిందల్లా ఆ టైరుకి చోటివ్వడం. మా ఊళ్లో పాలవాళ్లు క్యాన్లు తగిలించుకుని తొక్కే పాత అట్లాస్ సైకిళ్లు ఎందుకంత సుఖంగా ఉంటాయో కూడా అప్పుడే బోధపడింది: లావు టైర్లు, పొడవాటి వీల్‌బేస్, వాలుగా ఉండే ముందు ఫోర్కు. అంతే. దాంతో నా మొదటి షరతు ఖాయమైంది: 32 టైరూ, దాని మీద మడ్‌గార్డూ రెండూ పట్టాలి.

రెండోది స్టాక్, అంటే పెడళ్ల ఇరుసు మధ్య నుంచి హెడ్ ట్యూబ్ పైఅంచు దాకా నిలువు ఎత్తు. ఫ్రేమ్ సైజు అని చెప్పే 54, 56 అంకెల కన్నా ఇదే నిజం చెబుతుంది. నా పాత బండిలో హ్యాండిల్ సీటుకన్నా 7 సెంటీమీటర్లు కింద ఉండేది. హ్యాండిల్‌ని పట్టి ఉంచే స్టెమ్ తిరగేసి, దాని కింద ఎత్తు పెంచే రింగులు, అదే స్పేసర్లు, దొరికినవన్నీ పెట్టి 3 సెంటీమీటర్లకు తెచ్చి ఒక ఆదివారం వికారాబాద్ దాకా వెళ్లొచ్చాను. చేతుల తిమ్మిరి సగానికి తగ్గింది. కావలసిన ఎత్తు ఎంతో అంకెతో సహా తెలిసింది. ఫ్రేమ్ కొనాలనుకునేవాళ్లు ముందు ఉన్న బండి మీదే ఇలా చేసి చూసుకోవడం మంచిది, ఖర్చు దాదాపు శూన్యం.

ఇక డ్రాపవుట్ల సంగతి. వెనక చక్రం ఇరుసు కూర్చునే గాడి అది. ఫిక్స్‌డ్‌లో చైన్ బిగువు చక్రాన్ని ముందుకీ వెనక్కీ జరిపే సరిచేసుకోవాలి, అందువల్ల ఈకాలపు రోడ్డు సైకిళ్లలో ఉండే నిలువు డ్రాపవుట్లు పనికిరావు. ట్రాక్ ఫ్రేముల్లో గాడి వెనక్కి తెరుచుకుని ఉంటుంది. బాగానే ఉంటుంది, మడ్‌గార్డ్ లేనంతవరకు. చౌటుప్పల్ దగ్గర వానలో వెనక టైరు పంక్చరైనప్పుడు ఆ తేడా అనుభవమైంది. క్లిప్పులతో తగిలించే సన్న మడ్‌గార్డ్ ఒకటి ఎలాగో ఇరికించి ఉన్నాను. 15 నంబరు స్పానర్‌తో నట్లు వదులు చేసి, చక్రం ముందుకు నెట్టి, చైన్ పళ్ల మీంచి తప్పించాను. వెనక్కి లాగబోతే టైరు వెళ్లి మడ్‌గార్డ్‌కి కొట్టుకుని ఆగిపోయింది. గాలి పూర్తిగా తీసేసినా రాలేదు. చివరికి మడ్‌గార్డ్ కడ్డీల స్క్రూలు ఊడదీయాల్సి వచ్చింది, అందులో ఒకటి బురదలో పడింది. నల్లగా గ్రీజు పట్టిన వేళ్లతో, ఫోన్ వెలుతురులో, ఆ చిన్న స్క్రూ కోసం వెతుకుతుంటే పక్కనుంచి లారీలు నీళ్లు చిమ్ముకుంటూ పోతున్నాయి. పాతకాలపు రోడ్డు సైకిళ్లలో గాడి ముందు వైపుకి తెరుచుకుంటుంది. చక్రం ముందుకీ కిందికీ జారి బయటికొచ్చేస్తుంది, మడ్‌గార్డ్ జోలికే పోదు. మూడో షరతు ఇదే, మిగతావి కుదరకపోయినా ఇది మాత్రం వదలనని అనుకున్నాను.

పెడళ్ల ఇరుసు ఎత్తు దగ్గర కాస్త తలనొప్పి ఉంది. వంపు తిరిగేటప్పుడు లోపలి కాలు పైకెత్తి ఆపడం మనకి కుదరదు కాబట్టి ఇరుసు మరీ కిందికుంటే పెడల్ నేలకి తగులుతుంది. చక్రాల ఇరుసుల కన్నా పెడళ్ల ఇరుసు ట్రాక్ ఫ్రేముల్లో 50-60 మిల్లీమీటర్లు కిందికి ఉంటే, రోడ్డు ఫ్రేముల్లో 70 ఆ పైన ఉంటుంది. 65 దగ్గర ఉన్న ఫ్రేమ్‌కి 165 మిల్లీమీటర్ల క్రాంకులు (పెడళ్లు తగిలించే కడ్డీలు) పెడితే చాలనుకున్నాను, మామూలు 172.5 క్రాంకుతో పోలిస్తే 7.5 మిల్లీమీటర్లు అక్కడే కలిసొస్తాయి. బూటు కొస ముందు చక్రానికి తగలడం కూడా చూసుకోవాలి. ధాబా ముందు నెమ్మదిగా యూ టర్న్ తీసుకునేటప్పుడు కాలు ఆపి చక్రం తిప్పే వీలుండదు కదా.

ఇన్ని షరతులకి సరిపోయేవి ఎక్కువ మిగల్లేదు. 1970లు, 80ల నాటి విదేశీ స్టీల్ ఫ్రేములు బాగుంటాయి, కానీ నా సైజులో ఇక్కడ దొరకడం గగనం. అమెరికా సైకిల్ కంపెనీ సర్లీ వాళ్ల స్టీమ్‌రోలర్ చాలా ఆశపెట్టింది: అచ్చంగా ఫిక్స్‌డ్ కోసమే చేసినది, 38 టైరు దాకా పడుతుంది. కానీ గాడి వెనక్కే. అదే కంపెనీ క్రాస్‌చెక్‌లో గాడి ముందుకి తెరుచుకుంటుంది, మడ్‌గార్డులకీ క్యారియర్‌కీ బెజ్జాలున్నాయి, పెడళ్ల ఇరుసు 66 మిల్లీమీటర్లు కిందికి. బరువెక్కువ. బరువు గురించి నేను బెంగపెట్టుకోలేదు, రెండు నీళ్ల సీసాలు ఖాళీ చేస్తే దిగే బరువు అది.

డాలస్‌లో ఉన్న మా బావకి ఫోన్ చేశాను. "ఇనప ముక్క కోసం అమెరికా నుంచి మోయాలా?" అని కాసేపు ఏడిపించి, సెకండ్ హ్యాండ్‌ది చూసి కొని, సెలవులకి వస్తూ అట్టపెట్టెలో పట్టుకొచ్చాడు. ఎయిర్‌పోర్టులో అదనపు లగేజీకి కట్టిన డబ్బు ఇప్పటికీ గుర్తుచేస్తూనే ఉంటాడు.

తీరా చూస్తే ఫ్రేమ్‌లో వెనక చక్రం పట్టే చోటు వెడల్పు 132.5 మిల్లీమీటర్లు, నా ఫిక్స్‌డ్ హబ్ (చక్రం నడిమి భాగం) వెడల్పు 120. గల్లీ చివర సైకిల్ షాపు చాచా దగ్గరికి తీసుకెళ్తే ఆయన కాగ్‌ని, అంటే వెనక పళ్ల చక్రాన్ని, ఇటూ అటూ తిప్పి చూసి, "ఏం బండి ర బయ్ ఇది, ఫ్రీ లేదు? దిగుడుల ఎట్ల ఆగుతవ్?" అన్నాడు. "ముందూ వెనకా రెండు బ్రేకులు పెట్టిస్తున్నా చాచా" అన్నాక గానీ పనిలోకి దిగలేదు. పొడవాటి ఇరుసు వేసి, ఒక్కో పక్క 6 మిల్లీమీటర్ల స్పేసర్లు పెట్టాడు. మిగిలిన అర మిల్లీమీటరు నట్లు బిగిస్తే సర్దుకుంది. రెండు పక్కలా సమానంగా పెట్టడంతో చైన్‌లైన్, అంటే ఫ్రేమ్ నడిమి నుంచి చైన్‌కి ఉండే దూరం, పాత 42 మిల్లీమీటర్ల దగ్గరే ఉంది. ఫిక్స్‌డ్‌లో చైన్ ఏమాత్రం వంకర పోయినా చప్పుడుతో పిచ్చెక్కిస్తుంది కాబట్టి ఈ లెక్క ముఖ్యం.

ముందు 44 పళ్లు, వెనక 17. ఈ టైర్లతో పెడల్ ఒక చుట్టుకి దాదాపు 5.6 మీటర్లు పోతుంది, నిమిషానికి 90 చుట్లు తిప్పితే 30 కిలోమీటర్ల వేగం. అనంతగిరి దిగేటప్పుడు 45 దాటనివ్వను, అప్పటికే కాళ్లు నిమిషానికి 134 చుట్లు తిరుగుతుంటాయి. కొత్త ఫ్రేమ్ మీద మళ్లీ 300 చేశాను. ముడ్డి నొప్పి ఉంది, కాదనను, కానీ చేతులు చివరిదాకా నావిగానే ఉన్నాయి. ముందు బ్రేకు మాత్రం తడిస్తే వీధంతా వినపడేలా కూస్తోంది, రబ్బర్లు మార్చినా మానలేదు.

ఇప్పుడు 400కి పేరిచ్చాను. రూటు ఇంకా ప్రకటించలేదు. సూర్యాపేట వైపైతే 17 పళ్లే ఉంచుతా, శ్రీశైలం ఘాట్ వైపైతే 18 వేయిస్తా.