స్పీకర్లు మోసుకుని ఆడియో షోకి వెళ్ళొచ్చాం

ఇంట్లోనే స్పీకర్లు చేసుకునే మా ఆడియో బ్యాచ్‌లో ఎప్పట్నుంచో ఒకటే గోల, చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళందరం కలిసి ఒక చిన్న షో పెట్టుకోవాలి అని. కానీ ఎవరూ కదలరు, ఎందుకంటే షో అనగానే అందరికీ పెద్ద హోటలు, మనం ముట్టుకోడానికి కూడా భయపడే స్పీకర్లు, కోటు వేసుకున్న సేల్స్ వాళ్ళు, ఇవే గుర్తొస్తాయి. తక్కువ ఖర్చులో ఏటా ఒక షో నడుపుతున్న ఆయన ఒకరున్నారని తెలిసి ఫోన్ చేస్తే, ఊరికే చూసి పోవడం ఎందుకు, మీరు చేసిన స్పీకర్లు కూడా పట్టుకొచ్చేయండి అన్నారు. ఇంక ఆగుతామా, నేనూ మా బ్యాచ్‌లో సీనియర్ అన్న ఒకాయనా రైలెక్కేశాం.

స్పీకర్లతో రైలు ప్రయాణం అంటే ఏంటో చేసినవాళ్ళకే తెలుస్తుంది. మావి చిన్న టూ-వే బాక్సులే (కింది స్వరాలకి వూఫర్, పై స్వరాలకి ట్వీటర్), ఆరున్నర అంగుళాల వూఫర్, అయినా ఎండీఎఫ్ చెక్క బరువు బరువే కదా. వూఫర్ మీద అట్టముక్క కట్టి, పైన దుప్పటి చుట్టి, ట్వీటర్ వైపు గోడకి తిప్పి పెట్టుకున్నాం. డోమ్ ట్వీటర్‌ని చూస్తే చాలు పిల్లలకి ఎందుకో వేలితో నొక్కాలనిపిస్తుంది మరి. అన్న తన క్లాస్ ఏ రకం యాంప్లిఫయర్ (యాంప్) కూడా తెస్తానని పట్టుబట్టాడు గానీ ఆర్గనైజర్ గారే వద్దన్నారు, ఇక్కడ యాంపూ డ్యాకూ (డిజిటల్ పాటని యాంపుకి పనికొచ్చే సిగ్నల్‌గా మార్చే పెట్టె) అన్నీ కామన్, స్పీకర్ కేబుల్ కూడా తేవద్దు అని. అన్న దారంతా దాని గురించి సణుగుతూనే ఉన్నాడు. ఈ షో చవగ్గా ఎలా నడుస్తోందో ఆ మాటలోనే సగం ఉందని అక్కడికెళ్ళాక అర్థమైంది.

మామూలు షోల లెక్క ఇలా ఉంటుంది: ఒక్కో కంపెనీ ఒక్కో హోటల్ రూమ్ తీసుకుంటుంది, మంచాలు బయట పెట్టించి సిస్టమ్ సర్దుతుంది, సర్దడానికి ముందురోజు అద్దె, విప్పడానికి ఇంకో పూట అద్దె, అవన్నీ చివరికి టికెట్ మీదో సామాను ధర మీదో పడతాయి. అలాగని హోటల్ పద్ధతి తప్పని కాదు, ఇవాళ ప్రపంచమంతా మాట్లాడుకునే హై ఎండ్ షో కూడా 1982లో జర్మనీలో ఒక హోటల్లోనే మొదలైంది, 2004లో గానీ మ్యూనిక్ ఎగ్జిబిషన్ హాళ్ళకి మారలేదు. ఇంకోవైపు శాన్ ఫ్రాన్సిస్కోలో బర్నింగ్ యాంప్ అని సొంతంగా చేసుకునేవాళ్ళ పండగ 2007 నుంచి ఉంది, అక్కడ పేరుమోసిన యాంపుల డిజైనర్ నెల్సన్ పాస్ లాంటాయన కూడా వచ్చి హాబీ వాళ్ళ మధ్య నిలబడి మాట్లాడతాడు. మేం వెళ్ళిన షో ఆ రెండో జాతిది.

ఒకటే పెద్ద హాలు, పైన మూడు చిన్న రూములు, అంతే. హాల్లో ఒక యాంపు, ఒక డ్యాక్, ఒక జత స్టాండ్లు, రోజంతా అవే ఉంటాయి, స్పీకర్లు మాత్రం టైమ్‌టేబుల్ ప్రకారం వచ్చిపోతుంటాయి. ఒక్కొక్కరికి అరగంట. అందులో కొంత టైము మైకు పెట్టి పింక్ నాయిస్‌తో (అన్ని స్వరాలూ కలిసిన హోరు) అందరి స్పీకర్లూ ఒకే లెవెల్లో మోగేలా సరిచేయడానికే పోతుంది. మొదట ఇదంతా అతి అనిపించింది గానీ, ఆలోచిస్తే ఇది లేకపోతే మిగతాదంతా దండగ. 84 డీబీ (డెసిబెల్) సెన్సిటివిటీ, అంటే అంతే పవర్‌కి ఎంత గట్టిగా మోగుతుందో చెప్పే అంకె, ఉన్న స్పీకర్ పక్కన 90 డీబీది పెట్టి వాల్యూమ్ నాబ్ ముట్టుకోకుండా వినిపిస్తే ఎవరైనా రెండోదే బాగుందంటారు, ఆ ఆరు డీబీలు సరిచేయాలంటే మొదటిదానికి నాలుగు రెట్లు పవర్ ఇవ్వాలి. కొంచెం గట్టిగా మోగేది మన చెవికి ఎప్పుడూ మంచిగానే అనిపిస్తుంది, షోరూమ్ వాళ్ళు బతికేది సగం దీనిమీదే అని నా అనుమానం.

స్పీకర్ల ముందు పల్చటి నల్లగుడ్డ తెర కూడా ఉంది, ఏది ఎవరిదో కనబడదు. మా వంతులో మా బాక్సుల గురించి వెనక వరసలో ఒకాయన "గొంతు బాగుంది, కింద ఏం లేదు" అన్నాడు, అంటే బేస్ లేదని. అన్న మొహం చూడాలి అప్పుడు. నాకు మాత్రం ఆ ఒక్క మాటకే రైలు చార్జీలు గిట్టాయనిపించింది, ఇంటికొచ్చిన చుట్టాలు ఎవరూ అలా అనరు కదా.

పై రూముల కథ వేరే. ఒక రూము నాలుగు మీటర్లకి నాలుగు మీటర్లు, పక్కా చతురస్రం. ధ్వని వేగం సెకనుకి 343 మీటర్లు అనుకుంటే 43 హెర్ట్జ్ దగ్గర పొడుగులోనూ వెడల్పులోనూ ఒకేసారి గది మోగుతుంది, బేస్ గిటార్ ఆ స్వరం దగ్గరికి వచ్చినప్పుడల్లా ఒకటే బూమ్ బూమ్. అందులో పెట్టినాయన పాపం గోడలకి పల్చటి ఫోమ్ అంటించుకుంటూ కూర్చున్నాడు. అంత పెద్ద అలకి అంగుళం ఫోమ్ ఏం చేస్తుంది. ఆర్గనైజర్ వచ్చి, బయటపెట్టిన పరుపులు మళ్ళీ లోపలికి తెప్పించి మూలల్లో నిలబెట్టించారు, కుర్చీ వెనక గోడ దగ్గర్నుంచి బాగా ముందుకి జరిపించారు. పరుపులు 43 దగ్గర పెద్దగా చేసిందేమీ లేదు, పైన కొంచెం శుభ్రం అయింది, అసలు తేడా కుర్చీ జరిపినందుకే, గోడకి ఆనుకుని కూర్చుంటే బేస్ అక్కడే కుప్ప పడుతుంది.

మధ్యాహ్నం ఒకతని టర్న్‌టేబుల్ (ఎల్పీ ప్లేయర్) గుయ్‌మని హమ్ కొట్టడం మొదలెట్టింది. ఎవరో వచ్చి ప్లగ్గులో ఎర్త్ పిన్ను పీకేయమని సలహా ఇచ్చాడు. అప్పటిదాకా నెమ్మదిగా ఉన్న ఆర్గనైజర్ గారు గట్టిగా అరిచారు, షాక్ కొడితే ఎవడిది బాబూ బాధ్యత అని. చూస్తే యాంపు ఒక గోడ సాకెట్లో, ఫోనో స్టేజ్ (టర్న్‌టేబుల్ చిన్న సిగ్నల్‌ని పెంచే పెట్టె) అవతలి గోడ సాకెట్లో ఉన్నాయి. రెండూ ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డుకి మార్చి, టర్న్‌టేబుల్ ఎర్త్ వైరు ఫోనో స్టేజ్ స్క్రూకి బిగిస్తే హమ్ పోయింది. ఏసీ గోల ఇంకోటి, వినేటప్పుడు ఆపాలి, ఆపితే ఇరవైమంది ఉన్న రూము ఉడికిపోతుంది. అందుకే క్లాస్ ఏ యాంపులు రూముల్లో వద్దంటారట, పాట ఉన్నా లేకపోయినా అవి వేడి కక్కుతూనే ఉంటాయి. అన్న ఇది విని కిక్కురుమనలేదు.

సౌండ్ మీటర్ ఒకటి గుమ్మం దగ్గర వేలాడదీశారు, సగటు 85 డీబీ దాటితే తగ్గించమంటారు. 85 అయితే చెవులకి రోజుకి ఎనిమిది గంటలు పర్లేదు, ఆపైన మూడేసి డీబీలకి టైము సగమవుతుంది, 94కి గంటే. అది చెవుల కోసం అంటారు గానీ పక్క రూము వాళ్ళతో గొడవలు రాకపోవడం కూడా దానివల్లే అని నా లెక్క.

హాలు అద్దె ఎక్కణ్ణుంచి వస్తుందని అడిగితే కారిడార్ చూపించారు. పాత సామాను బల్లలు. స్పీకర్ డ్రైవర్లు (విడి వూఫర్లు, ట్వీటర్లు), కెపాసిటర్లు, విప్పిన క్రాసోవర్లు (స్వరాలని వూఫర్‌కీ ట్వీటర్‌కీ పంచే సర్క్యూట్లు), సగం చేసి వదిలేసిన క్యాబినెట్లు, ఒక్కో బల్లకి కొంచెం రుసుము, అక్కడే మీటర్ పెట్టి డ్రైవర్ లోపలి వాయిస్ కాయిల్ బతికుందో లేదో చూసి కొనుక్కోవచ్చు. నేను క్రాసోవర్లో వాడే రెండు ఎయిర్ కోర్ కాయిల్స్ (తీగచుట్టలు) కొన్నా, అవసరం లేకపోయినా.

ఆయన పద్ధతిలో నాకు నచ్చనిది ఒకటే, డీలర్లని అసలు రానివ్వరు. ఇద్దరు డీలర్లకి పై రూములు ఇచ్చి, మామూలు మనిషి కొనగలిగే సామానే తేవాలని షరతు పెడితే ఎంట్రీ ఫ్రీ చేయొచ్చు కదా అని తిరుగు రైల్లో అన్నా. అన్న ఒప్పుకోలేదు. "వాళ్ళొచ్చాక టైమ్‌టేబుల్ కూడా వాళ్ళే రాస్తారు చూడు" అన్నాడు. దీనిమీద దిగేదాకా వాదించుకున్నాం, తేలలేదు. తేలినవి మాత్రం, హాలు ఒకటే, యాంపు మాత్రం మా అన్న యాంపు కాదు, తెర ఉంటుంది, బల్లలు ఉంటాయి. వచ్చే వారం ఒక హాలు చూడ్డానికి వెళ్తున్నాం, టేపూ మైకూ రెండూ తీసుకెళ్తున్నా, చతురస్రంగా ఉంటే అద్దె అడక్కుండానే వచ్చేస్తాం.