పెదనాయన గేటు తీస్తాడా?

పోయిన ఆదివారం అన్నాల దగ్గర మావాడు అడిగిన మాట ఇది. వాడికి పదమూడేళ్ళు. మేముండేది పరదేశంలో. మా సొంతూరు చిత్తూరు, తిరుపతి వైపు పాకాల, అక్కడ సేద్యం చేసేది మా అన్న. అప్పుడే నేను పంటలన్నీ పోయి తిండి లేకుండా అయిన రోజుల మీద తీసిన ఒక పాత సినిమా కథ చెప్పడం ముగించాను. "మనకూ అట్లాంటి రోజు వస్తే పాకాలకు పోతాం కదా నాన్నా, పెదనాయన గేటు తీస్తాడా?" అన్నాడు. "తీయకుండా ఎందుకుంటాడు, సొంత అన్న కదా" అన్నాను. "మనకేం వచ్చని తీస్తాడు?" అన్నాడు. నేను జవాబు వెతుక్కునేలోపే, "నాకేమీ చేతకాకుండా అయితే నేను రాను. అడుక్కున్నట్టు ఉంటుంది" అని కంచం ముందునుంచి లేచిపోయాడు.

ఆ సినిమా పేరు నో బ్లేడ్ ఆఫ్ గ్రాస్. 1970లో వచ్చింది, దర్శకుడు కార్నెల్ వైల్డ్. జాన్ క్రిస్టఫర్ 1956లో రాసిన ది డెత్ ఆఫ్ గ్రాస్ అనే నవల దానికి ఆధారం. చైనాలో వరికి ఒక వైరస్ తెగులు తగులుతుంది. వరితో ఆగదు. గోధుమ, బార్లీ, పచ్చిక, గడ్డి జాతి అన్నదంతా చచ్చిపోతుంది. లండన్‌లో స్థిరపడిన జాన్ అనే ఇంజనీరు పెళ్ళాం పిల్లలతో ఉత్తరాన ఒక లోయలో ఉన్న తన తోబుట్టువు డేవిడ్ పొలానికి బయలుదేరతాడు. డేవిడ్ ముందే గ్రహించి ఉర్లగడ్డలు (బంగాళదుంపలు), బీట్ దుంపలు వేసి ఉంటాడు. దారిలో జాన్ వెంట జనం పెరుగుతారు. లోయ ముందుకు వచ్చేసరికి, జాన్ కుటుంబానికి చోటుంది, మిగతావాళ్ళకు లేదంటారు లోపలివాళ్ళు. జాన్ ఆయుధాలతో లోపలికి చొరబడతాడు. నవలలో ఆ పోరులో డేవిడ్ చచ్చిపోతాడు.

సినిమాను పిల్లలకు చూపించొద్దు. తల్లీకూతుళ్ళ మీద అత్యాచారం జరిగే దృశ్యం ఉంది, పెద్దవాళ్ళకే చూడబుద్ధి కాదు. అందుకే నేను కథ మాత్రమే చెప్పాను. నవలకూ సినిమాకూ తేడా కూడా ఉంది. సినిమా నేరమంతా కాలుష్యం మీద మోపి, పొగ గొట్టాలూ మురికి కాలువలూ చూపిస్తుంది. నవల మాత్రం లెక్క చూపిస్తుంది: ఇంత భూమి, ఇన్ని దుంపలు, ఇన్ని నోళ్ళు. నాకు నవలే బలంగా తగిలింది. పట్నం పోయినవాడు ఒకడు, మట్టిని పట్టుకుని ఉండిపోయినవాడు ఒకడు. మా ఇంట్లో పోయినవాణ్ణి నేను.

ఆ లెక్క పాకాలలో వేసి చూశాను. ముందుగా, గడ్డి పోతే ఏమేం పోతాయో చూడాలి. వరి, గోధుమ, జొన్న, సజ్జ, మొక్కజొన్న, కొర్ర, సామ, అరిక, అన్నీ గడ్డి జాతే. బియ్యం పోతే సంగటి ఉందిలే అనుకుంటాం. రాగి కూడా గడ్డే, సంగటి కుండలో పోసే నూకలూ గడ్డే. చెరకు గడ్డే, కాబట్టి చిత్తూరు బెల్లం పోతుంది. వెదురు, చీపురు, దర్భ పోతాయి. తిరుమల లడ్డూలో శనగపిండి, జీడిపప్పు, ఎండుద్రాక్ష, యాలకులు నిలుస్తాయి. చక్కెర చెరకుది, నెయ్యి గడ్డి మేసే ఆవుది. వరిగడ్డి, జొన్నచొప్ప లేక ఆవులు నిలవాలంటే చెనిక్కాయ (వేరుశనగ) కట్టె, కందిపొట్టు, అవిసాకు వేయాలి, అదీ కొన్నిటికే సరిపోతుంది. మేకలు ఆకు మేసి బతుకుతాయి.

మిగిలేవి చెనిక్కాయ, కంది, ఉలవ, అలసంద, అనప, గెనుసుగడ్డ (చిలగడదుంప), కర్రపెండలం, గుమ్మడి, మునగ, చింత, మామిడి. ఒక మనిషికి రోజుకు దాదాపు 2,000 కేలరీలు కావాలంటే, 250 గ్రాముల పప్పుధాన్యం, 100 గ్రాముల చెనిగింజలు, 700 గ్రాముల గెనుసుగడ్డ తినాలి. ఏడాదికి 91 కిలోల పప్పుధాన్యం, 52 కిలోల చెనిక్కాయలు (ఒలిస్తే నూటికి డెబ్బై పాళ్ళు గింజ దిగుతుంది), 255 కిలోల గడ్డలు. ఉలవ, అలసంద పొట్టుతోనే తింటాం కాబట్టి తరుగు లేదు. కందిని పప్పు చేస్తే నాలుగో వంతుకు పైగా పొట్టుకూ నూకకూ పోతుంది.

మా అన్నకున్నది నాలుగెకరాలు, అందులో సగం నాది. వానాధారంలో ఎకరాకు 3 క్వింటాళ్ళ పప్పుధాన్యం, 6 క్వింటాళ్ళ చెనిక్కాయ, 4 టన్నుల గెనుసుగడ్డ వస్తుందనుకుందాం. వాళ్ళు ఐదుగురు, మేము నలుగురం. తొమ్మిదిమందికి పప్పుధాన్యానికి 2.75 ఎకరాలు, చెనిక్కాయకు విత్తు పట్టుకోగా 0.9, గడ్డకు 0.6. కూడితే నాలుగుంపావు. ఉన్నది నాలుగు. అదీ వాన పడిన ఏడాది.

కాగితం మీద ఈ అంకె చూసి చాలాసేపు కదల్లేదు. అన్న గేటు తీస్తాడన్న మాట నేను నోటితో అనేశాను. ఆ తీయడంలో ఆయన పిల్లల కంచాల్లోనుంచి ఎంత తీసి మాకు పెట్టాలో నాకు తెలియదు.

ఎకరాన్ని సాగదీసే పద్ధతులు లేకపోలేదు. అవన్నీ ఆయనకు తెలిసినవే. చెనిక్కాయలో ఏడు సాళ్ళకు ఒక కంది సాలు వేస్తారు. చెనిక్కాయ నూరు, నూటపది రోజుల్లో వచ్చేస్తుంది, కంది నెమ్మదిగా పెరిగి ఆ తర్వాత చేనంతా తనదే చేసుకుంటుంది. చిత్తూరు, తిరుపతి వైపు ఈశాన్య రుతుపవనం కూడా వాన తెస్తుంది కాబట్టి ఖాళీ అయిన చేలో ఉలవ చల్లుకోవచ్చు. ఎకరాకు 8 నుంచి 10 కిలోలు చాలు. ఉలవ నీళ్ళు పెద్దగా అడగదు.

చెనిక్కాయలో చెడేది ఎక్కడంటే, మొదట సున్నం దగ్గర. ఊడలు నేలలోకి దిగాక కాయ తనకు కావలసిన కాల్షియాన్ని వేరు ద్వారా కాక, చుట్టూ ఉన్న మట్టినుంచి నేరుగా తీసుకుంటుంది. అందుకే పూతదశలో ఎకరాకు 200 కిలోల జిప్సం మొదళ్ళ దగ్గర వేసి మట్టి ఎగదోస్తారు. వేయకపోతే చెట్టు పచ్చగా కళకళలాడుతుంది, పీకితే కాయల్లో గింజ ఉండదు. రెండోది విత్తు. చెనిగింజ మొలకశక్తి చాలా త్వరగా పోగొట్టుకుంటుంది. కాయగానే దాచాలి, విత్తే వారం ముందు మాత్రమే ఒలవాలి. తేమ 9 శాతం లోపుకు దిగాలి. చెవి దగ్గర ఆడిస్తే లోపల గింజ గలగలమనాలి. తేమ మిగిలితే బూజు పట్టి అఫ్లాటాక్సిన్ అనే విషం చేరుతుంది, అది తినడానికీ పనికిరాదు. త్వరగా ఎండాలని వేసవి ఎండలో బండమీద పోస్తే మొలక చచ్చిపోతుంది, నీడపట్టున ఆరబెట్టాలి. తిరుపతి పరిశోధన స్థానం ఇచ్చిన నారాయణి, ధరణి లాంటి రకాలైనా సరే, విత్తును ఇట్లా కాపాడుకోకపోతే రకం మంచిదై లాభం లేదు.

ఒక సంగతి సినిమాలో లేదు, రాయలసీమకు బాగా తెలుసు. 2000లో అనంతపురం జిల్లాలో 2.25 లక్షల హెక్టార్ల చెనిక్కాయకు కాండం కుళ్ళు వైరస్ తగిలింది. ఆ వైరస్ వయ్యారిభామ మొక్కలో ఏ గుర్తూ లేకుండా ఉంటుంది. దాని పుప్పొడిని తామర పురుగులు చెనిక్కాయ ఆకు మీదికి మోస్తాయి. వయ్యారిభామ పూతకు రాకముందే పీకేయడం, చేను చుట్టూ మూడు నాలుగు సాళ్ళు జొన్నో సజ్జో దట్టంగా వేయడం దానికి కాపుదల. పురుగు ఆ కంచె దగ్గరే ఆగుతుంది. అంటే చెనిక్కాయను కాచేది గడ్డి. సినిమాలో మాదిరి గడ్డి పోతే ఆ కంచె కూడా పోతుంది, చెనిక్కాయైనా మిగిలిందిలే అని ధైర్యంగా ఉండలేం. ఒకే వైరస్ గడ్డి జాతి మొత్తాన్ని ఊడ్చేయడం జరిగే పని కాదు, ప్రతి వైరస్‌కూ దానికి తగిన చెట్లే ఉంటాయి. అయినా ఒక్క పంటను నమ్ముకుంటే ఏమవుతుందో 1845లో ఐర్లండ్‌లో ఉర్లగడ్డకు ఆకుమాడు తెగులు తగిలినప్పుడు లోకం చూసింది.

డేవిడ్ ఉర్లగడ్డ మన దగ్గర ఎందుకు పనికిరాదో కూడా మావాడికి చెప్పాను. రాత్రి వేడి 20 డిగ్రీల లోపు ఉంటేనే గడ్డ బాగా ఊరుతుంది. పలమనేరు, వి.కోట వైపు చలికాలంలో పండుతుంది గానీ పాకాలలో కష్టం. విత్తనపు గడ్డను 2 నుంచి 4 డిగ్రీల చల్లదనంలో దాచాలి, కరెంటు లేని రోజున అది ఎక్కడ దొరుకుతుంది? గెనుసుకు ఆ బాధ లేదు. తీగ ముక్క చాలు. జానెడు పొడుగు కోసి, రెండు మూడు కణుపులు మట్టిలో పడేట్టు బోదె మీద పెట్టాలి, బోదెకూ బోదెకూ రెండడుగులు, మొక్కకూ మొక్కకూ జానెడు. నాలుగు నెలల్లో గడ్డ. పాకిన తీగలు కణుపు కణుపుకూ వేళ్ళు వేసుకుంటే ఒక్కోచోట సన్న గడ్డలు పడి అసలు గడ్డ చిన్నబోతుంది, కాబట్టి నెలన్నరకోసారి తీగలు ఎత్తి తిప్పేయాలి.

కందీ అలసందా దాచేటప్పుడు పుచ్చు పురుగు గింజ పైన గుడ్డు అతికించి పెడుతుంది. మా అవ్వ ఎర్రమన్ను నీళ్ళలో కలిపి గింజకు పలచగా పట్టించి ఎండబెట్టేది. మట్టి పొర మీద గుడ్డు నిలవదు. కిలోకు 5 మిల్లీలీటర్ల నూనె రాసినా అదే పని చేస్తుంది. అవ్వ అదంతా చేస్తుంటే పక్కన కూర్చుని చూశాను గానీ ఒక్కసారీ చెయ్యి పెట్టలేదు. ఎర్రమన్ను ఎంత పలచగా ఉండాలో నా చేతికి తెలియదు. మావాడు అడిగింది కూడా అదే.

పిల్లలకు ఊరు నేర్పాలనుకునే తల్లిదండ్రులకు నేనిప్పుడు చెప్పగలిగేది ఒక్కటే. సెలవుల్లో ఊరికి పోయినప్పుడు పిల్లలను చుట్టాల ఇళ్ళకు తిప్పడం తగ్గించి, ఒక్క పని మొదటినుంచి చివరిదాకా వాళ్ళ చేత చేయించండి. జూన్, జూలైలో పోతే విత్తడం దొరుకుతుంది. డిసెంబరు, జనవరిలో పోతే అనపకాయలు ఒలిచి, గింజలు రాత్రి నానబెట్టి, పొద్దున తోలు పితికి పితికిపప్పు చేయడం దొరుకుతుంది. కంది కోతా అప్పుడే.

ఇది రాస్తూనే నాకు అనుమానం వస్తోంది. ఇన్నేళ్ళూ నేను మావాడికి నేర్పింది తెలుగు అక్షరాలు, పద్యాలు, అన్నం చేత్తో తినడం. స్పూన్ పట్టుకుంటే కోప్పడ్డాను. రోజూ "మన ఊరు, మన భూమి" అన్నాను. పోయిన సంక్రాంతికి ఊరికి పోయినప్పుడు నా రెండెకరాలు అమ్మితే ఎంత వస్తుందని అన్నను వాడి ఎదుటే అడిగాను. అన్న ఏమీ అనలేదు. గేటు ప్రశ్న వాడికి సినిమా వల్ల పుట్టలేదేమో. ఆ రోజే పుట్టి ఉంటుంది. అది తలచుకుంటే నాకు సిగ్గుగా ఉంది.

కథ విన్న మరునాడు వాడు వంటింట్లోనుంచి ఒక గెనుసుగడ్డ తీసి సగం మునిగేట్టు నీళ్ళ సీసాలో నిలబెట్టి కిటికీలో పెట్టాడు. మొలకలు జానెడయ్యాక గిల్లి మళ్ళీ నీళ్ళలో పెడితే వారంలో వేళ్ళు వస్తాయని చెప్పాను. ఇక్కడ జూన్‌కు ముందు బయట పెడితే చలికి పోతాయని కూడా చెప్పాను. "ఈ తీగ పెదనాయనకు తీసుకుపోదామా?" అన్నాడు. కుదరదన్నాను. 2003 నాటి మొక్కల క్వారంటైన్ ఉత్తర్వు ప్రకారం అనుమతీ, తెగుళ్ళు లేవన్న ధ్రువపత్రమూ లేకుండా విత్తూ తీగా భారతదేశంలోకి తేకూడదు. గెనుసు వైరస్‌లు తీగ ముక్కలోనే ప్రయాణం చేస్తాయి, ఆ ఉత్తర్వు ఎందుకుందో ఈ సినిమా చూసినవాళ్ళకు వేరే చెప్పనక్కరలేదు. ఊరినుంచి ఇక్కడికి తేవడానికీ ఇట్లాంటి నిబంధనే. ఇది తెలిసీ నేను ఒకప్పుడు బీర విత్తనాలు పెట్టెలో పెట్టుకుని వచ్చాను. ఆ మాట కూడా వాడికి చెప్పాను.

"అయితే ఏం తీసుకుపోదాం?" అన్నాడు.

జూలైకి టికెట్లు తీశాను. విత్తనాల పనికి వస్తున్నామని అన్నకు చెప్పాను, సరే రమ్మన్నాడు. గేటు సంగతి అడగడానికి మాత్రం నోరు రాలేదు. ఫోన్ చేసినప్పుడల్లా వాన పడిందా అన్నా అనే అడుగుతున్నాను.