బాపు పోలిక ఎవలికచ్చె?

ఆదివారం. పొద్దటి నుంచి ముసురు. కరెంటు రెండుసార్లు పోయింది, ఉతికిన బట్టలు ఆరలే.

నెల కిందట కుమార్‌పల్లి మార్కెట్ల తెచ్చిన నిమ్మకాయలతోని పులిహోర చేసి, గింజలు ఆరకముందే పెరుగు డబ్బాల మన్ను నింపి పెట్టిన. పెట్టింది ఏడు. ఇయ్యాల లెక్కపెడితే పదకొండు మొలకలు! నేనే లెక్క తప్పిన్ననుకొని చెంచాతో మన్ను తీసి చూసిన. రెండు గింజలకు జంటలు, ఒకదానికి ఏకంగా మూడు.

"కవలలా బిడ్డా?" అన్నది అమ్మ.

కవలలంటే కవలలే, కానీ కథ వేరు. డిగ్రీల బహుపిండత మీద, అంటే ఒక్క గింజల ఒకటికంటె ఎక్కువ పిండాలుండుడు మీద, ప్రశ్న వచ్చేది. 1719లోనే లీవెన్‌హుక్ అనే డచ్చి శాస్త్రవేత్త నారింజ గింజల రెండు పిండాలు చూసిండని రాసి మార్కులు తెచ్చుకున్న. అప్పుడు ఒక్క గింజనన్నా చీల్చి చూసిన పాపాన పోలే.

పుప్పొడి కలిసి పుట్టే పిండం మామూలుగా ఒక్కటే. మిగతావి తల్లి కణాల నుంచే మొగ్గల్లెక్క లేచి పిండకోశంలకు, అంటే పిండం పెరిగే సంచిలకు, చొచ్చుకొస్తయి. ఆ తల్లి కణాల పొర పేరు అండాంతఃకణజాలం. ఆ మాట రాసుడుకే చెయ్యి నొచ్చేది. వీటికి తండ్రి లేడు, అచ్చం తల్లే. అందుకే బత్తాయి అంటు కట్టే రంగపూర్ నిమ్మ, జంబేరి మొక్కలను గింజల నుంచి పెంచినా దాదాపు ఒక్కతీరుగ వస్తయి. తేడాగ కనబడ్డవాటిని నర్సరీవాళ్లు నారుమడిలనే పీకేస్తరు. పంపరపనసకు ఈ గొడవ లేదు, గింజకు ఒక్కటే పిండం.

ఇదంతా చెప్తే అమ్మ ఒక్కటే అడిగింది: "మరి బాపు పోలిక ఎవలికచ్చె?"

చూసి చెప్పలేం. మూడాకుల నారింజ పుప్పొడి వేసి సంకరం చేస్తే, మూడాకులు వేసిన మొక్కను తండ్రి పోలికదని ఇట్టే పట్టుకోవచ్చు. నా నిమ్మకు ఆ సుఖం లేదు. తల్లి పిండాలు బలంగ పెరిగి, తండ్రి పోలికదాన్ని చాలాసార్లు గింజలనే నొక్కేస్తయి. బతికినా ఒక్కోసారి సన్నగనే ఉంటది.

మూడు మొలకల దాంట్ల ఒకటి దారమంత ఉంది. పొద్దున దాన్నే పీకేద్దామనుకున్న.

"దాన్ని పీకకు. మీ బాపు గూడ సన్నగనే ఉండె," అన్నది అమ్మ, చాయ్ వడపోసుకుంట.

విడదీసేటప్పుడు లావుదాని వేరు తెగింది. సన్నది ఇప్పుడు పాత చాయ్ గ్లాసుల, కిటికీ మీద ఉంది.