దేయ్నా కార్నర్ కిక్

పోలండ్ ఫుట్‌బాల్ మిడ్‌ఫీల్డర్ కాజిమియెజ్ దేయ్నా పేరు రాగానే 1978 ప్రపంచకప్‌లో పోయిన పెనాల్టీనే గుర్తుచేస్తారు. రొసారియోలో అర్జెంటీనాతో మ్యాచ్. గోల్ గీత మీద అర్జెంటీనా ఆటగాడు కెంపెస్ చేత్తో బంతిని ఆపాడు, దేయ్నా కొట్టిన పెనాల్టీని గోల్‌కీపర్ ఫియోల్ పట్టేశాడు. 2-0తో పోలండ్ ఓడింది. ఆ ఒక్క కిక్‌తో అతన్ని కొలవడం అన్యాయం.

అంతకుముందు ఏడాది, 1977 అక్టోబరులో, పోలండ్‌లోని హోజూవ్‌లో పోర్చుగల్ మీద నేరుగా కార్నర్ (మైదానం మూల) నుంచే గోల్ కొట్టాడు. 1-1 డ్రా అయింది, పోలండ్‌కు ప్రపంచకప్ బెర్తు దక్కింది. సొంత ప్రేక్షకులే ఈలలతో ఎగతాళి చేస్తున్న రోజు అది!

కార్నర్ నుంచి గోల్ అదృష్టం కాదు. కుడికాలి ఆటగాడు ఎడమ కార్నర్ నుంచి, పాదం లోపలి అంచుతో, బంతి మధ్య నుంచి కాస్త కుడిపక్కగా తన్నాలి. అప్పుడు బంతి గిరగిరా తిరుగుతూ, గాలిలో గోల్ వైపుకి వంగుతుంది. నడిమికి తగిలితే వంపు రాదు. మరీ అంచుకి తగిలితే తిరుగుడే తప్ప వేగం ఉండదు, దగ్గరి పోస్టు దగ్గరున్న డిఫెండర్ తలతో కొట్టేస్తాడు. ఎత్తు తగ్గినా అంతే.

1972 మ్యూనిక్ ఒలింపిక్స్‌లో 9 గోల్స్, హంగరీతో ఫైనల్లో పోలండ్ గోల్స్ రెండూ అతనివే, స్వర్ణం. 1974 ప్రపంచకప్‌లో మూడో స్థానం. మిడ్‌ఫీల్డర్‌కి ఇవి మామూలు లెక్కలు కావు. అతని క్లబ్ లెగియా వార్సా అతని 10 నంబరు జెర్సీని ఇక ఎవరికీ ఇవ్వడం లేదు.