కీబుర్గ్ కౌంట్లు: ఒకే పేరు, రెండు వంశాలు

స్విట్జర్లాండ్ మధ్యయుగ చరిత్ర చదివేటప్పుడు ఎక్కువగా తికమకపెట్టే పేరు కీబుర్గ్. కోట వింటర్‌తూర్ దగ్గర, టోస్ నది పక్కన గట్టు మీద ఉంది. 1250 నాటి పత్రంలో ‘కీబుర్గ్ కౌంటు’ (కౌంటు అంటే ఒక ప్రాంతపు ప్రభువు) అని కనిపిస్తే ఆయన ఆ కోట ఉన్న పాత వంశంవాడు. అదే మాట 1350 నాటి పత్రంలో ఉంటే ఆ కోట ఆయనది కాదు, ఆయన చోటు బుర్గ్‌డోర్ఫ్, తూన్ వైపు. అందుకే ముందు తేదీ చూసుకోవాలి. 1264 హద్దు, ఆ ఏడే పాత వంశం ఆగిపోయింది. రెండు వంశాల్లోనూ పదేపదే వచ్చే హార్ట్‌మన్ అనే పేరు పక్కన సంఖ్యలూ అంతే: పాతవాళ్లను వాళ్ల మూలమైన డిల్లింగెన్ వంశం నుంచి లెక్కపెడతారు, కొత్తవాళ్లకు మళ్లీ ఒకటి నుంచి.

పాత వంశానికి ఆస్తి కలిసొచ్చింది పెళ్లిళ్ల వల్లే. 1218లో సేరింగెన్ డ్యూక్ ఐదో బెర్తోల్డ్ వారసుడు లేకుండా చనిపోయాడు. ఆయన అక్కచెల్లెళ్లలో ఒకరైన ఆన్నా, కీబుర్గ్ కౌంటు మూడో ఉల్రిచ్ భార్య. అలా తూన్, బుర్గ్‌డోర్ఫ్, ఫ్రైబుర్గ్ వీళ్లకు దక్కాయి. బెర్న్, జ్యూరిచ్ మాత్రం దక్కలేదు, అవి నేరుగా చక్రవర్తి కిందికి వెళ్లాయి. ఈ రెండు ఊళ్లూ చేజారడమే తర్వాతి కథంతటికీ మూలమని నా అభిప్రాయం.

1263లో ఐదో హార్ట్‌మన్ పోయాడు, మిగిలింది ఆయన కూతురు, ఇంకో ఆన్నా, చిన్నపిల్ల. ఐదో హార్ట్‌మన్ తండ్రికి సోదరుడైన నాలుగో హార్ట్‌మన్‌కు సంతానం లేదు. ఆయన మేనల్లుడే హాబ్స్‌బుర్గ్ రుడోల్ఫ్, 1273లో జర్మన్ రాజైనవాడు. వింటర్‌తూర్ జనం ముసలి కౌంటు మీద తిరగబడితే, మేనమామ ఇంకా బతికుండగానే, 1264 జూన్ 22న రుడోల్ఫ్ ఆ ఊరికి పట్టణ హక్కుల పత్రం రాసిచ్చాడు. ముసలాయన నవంబరులో పోయాడు. ఆయన భార్య మార్గరెట్ సవాయ్ ఇంటి ఆడపడుచు. ఆమెకు రాసిచ్చిన భూముల కోసం రుడోల్ఫ్, సవాయ్ వాళ్లు 1267 దాకా కొట్లాడుకున్నారు.

ఆన్నాను రుడోల్ఫ్ తన చిన్నాన్న కొడుకు ఎబర్‌హార్డ్‌కు ఇచ్చి చేశాడు. కొత్త కీబుర్గ్ వంశం వీళ్లది. పేరు వచ్చింది, కోట రాలేదు, అది రుడోల్ఫ్ దగ్గరే ఉండిపోయింది. డబ్బుకు కటకట. 1277లోనే ఫ్రైబుర్గ్‌ను 3,040 మార్కుల వెండికి రుడోల్ఫ్ కొడుకులకు అమ్మేశారు. 1322లో తూన్ కోటలో అన్నదమ్ముల తగాదా ముదిరి రెండో హార్ట్‌మన్ హతమయ్యాడు. నిలదొక్కుకోవడానికి ఆయన తమ్ముడు రెండో ఎబర్‌హార్డ్ మరుసటి ఏడు తూన్‌ను బెర్న్‌కు అమ్మి, దాన్నే జాగీరుగా తిరిగి పుచ్చుకున్నాడు. సొంత కోటలో ఇంకొకరి కింద ఉండాల్సిన స్థితి అది. 1382లో కొత్త కీబుర్గ్ వాళ్లు సోలోతుర్న్ పట్టణం మీద చేసిన రాత్రి దాడి బెడిసికొట్టింది. బెర్న్, సోలోతుర్న్ కలిసి బుర్గ్‌డోర్ఫ్‌ను ముట్టడించాయి. 1384లో 37,800 గిల్డర్లకు బుర్గ్‌డోర్ఫ్, తూన్ రెండూ బెర్న్ పరమయ్యాయి. 1417లో వంశం ఆగిపోయింది. ఇక అసలు కీబుర్గ్ కోటను 1424లో తాకట్టు కింద తీసుకున్నది జ్యూరిచ్.